యారాడ దగ్గర లేని కొండ

మా కాలేజీ కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఉండేది. గూడ్సు బండి వెళ్తున్నప్పుడల్లా పాఠం ఆపి, ఆఖరి పెట్టె దాటాక మళ్ళీ అందుకోవడం మాకందరికీ అలవాటు. అక్కడ నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని. నా పేరు వెంకటరమణమ్మ. మాది కృష్ణా జిల్లా. మా వారికి పోర్టులో ఉద్యోగం రావడంతో విశాఖపట్నం చేరాం. నా గురించి ఇంతవరకు చాలు. నేను చెప్పదలచుకున్నది అదే కాలేజీలో లెక్కలు చెప్పిన సూర్యకళ గురించి.

సూర్యకళ జాలరిపేట పిల్ల. తండ్రి పేరు గురువులు, తెప్ప మీద చేపల వేటకి వెళ్ళేవాడు. తల్లి పోతమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పాండురంగాపురం వీధులన్నీ తిరిగి అమ్మేది. ఒక తమ్ముడు, బాబీ. వాడు పదో తరగతి మధ్యలో మానేసి తండ్రితో సముద్రం మీదికి పోయాడు. సూర్యకళ మాత్రం మునిసిపల్ స్కూల్లో మొదలుపెట్టి, స్కాలర్‌షిప్పులతో ఎమ్మెస్సీ లెక్కల దాకా ఆగకుండా చదివేసింది. లెక్కలే ఎందుకు తీసుకున్నావని నేనొకసారి అడిగితే, "దానికి ట్యూషన్ అక్కర్లేదండీ, తెల్ల కాగితం ఉంటే చాలు" అని నవ్వేసింది. మనిషి సన్నగా ఉండేది. గొంతు మాత్రం పెద్దది. ఒడ్డున నిలబడి పడవ మీది వాళ్ళని పిలిచిన కుటుంబం కదా, గూడ్సు బండి వెళ్తున్నా తను పాఠం ఆపేది కాదు.

1998లో మా ప్రిన్సిపాల్ భీమశంకరరావు గారు కంప్యుటేషనల్ సైన్స్ అని కొత్త డిగ్రీ కోర్సు తెచ్చారు. అదేమిటో స్టాఫ్ రూములో సగం మందికి తెలీదు. సూర్యకళ నాకు ఒక్క ముక్కలో చెప్పింది: "ల్యాబులో చెయ్యలేని ప్రయోగాన్ని కంప్యూటర్లో అంకెలతో చేస్తారండీ. స్టీల్ ప్లాంటు కొలిమి లోపల చెయ్యి పెట్టి చూడలేం కదా. తుఫాను వచ్చేదాకా కూర్చుని కొలవలేం కదా. అలాంటివి." ఆ కోర్సులో రెండో ఏడాది ఒక పేపరుంది, శాస్త్రీయ దృశ్యీకరణ అని. లెక్క కట్టగా వచ్చిన వేల అంకెల్ని కంటికి కనిపించే బొమ్మగా మార్చే విద్య అది. పిల్లలు దానికి 'బొమ్మల పేపరు' అని పేరు పెట్టేశారు.

ఆ పేపరు ఎవరు చెప్తారని ప్రిన్సిపాల్ గారు మీటింగులో అడిగితే అందరూ తలలు దించుకున్నారు. ఫిజిక్సు ఆయన ఒకరు, "ఇన్నేళ్ళు చదివింది బొమ్మలు గియ్యడానికా?" అని గొణిగారు. సూర్యకళ చెయ్యెత్తింది.

ఎందుకెత్తావని తర్వాత అడిగాను. అప్పుడు నన్ను ల్యాబులోకి తీసుకెళ్ళింది. చెప్పులు బయట విడవాలి, తలుపు వెంటనే వెయ్యాలి, లేకపోతే ఏసీ చల్లదనం పోతుందని అటెండరు కేకలేసేవాడు. తను ఏదో నొక్కింది. తెర మీద పల్చటి గుడ్డలాంటిదొకటి అలలా లేచి, అంచులకి కొట్టుకుని, వెనక్కి తిరిగి, ఎదురొచ్చే అలతో కలిసింది.

"ఈ సమీకరణం ఎమ్మెస్సీ పరీక్షలో వస్తే నాకు నూటికి నూరు వచ్చాయండీ. పరీక్ష రాసినప్పుడు ఇది కదులుతుందని నాకు తెలీదు. నా పుట్టిల్లు అలల పక్కనే. అయినా తెలీలేదు. పోయిన వేసవిలో ట్రైనింగుకి వెళ్ళినప్పుడు మొదటిసారి చూశాను. నా పిల్లలు పరీక్ష తర్వాత కాదు, ముందే చూడాలి."

నాకు ఆ సమీకరణం అర్థం కాలేదు. ఆమె ముఖం అర్థమైంది. అప్పటినుంచీ నాకు ఖాళీ ఉన్న పీరియడ్లలో ఆమె క్లాసులో వెనక బల్ల మీద కూర్చునేదాన్ని.

ఆమె చెప్పే పద్ధతి అలాంటిది మరి. ఒకరోజు ఒకే అంకెల్ని రెండు రకాలుగా గీయించింది. ఒక పక్క వేడెక్కుతున్న ఇనుప పలక అది. మొదటి బొమ్మలో పలకంతా ఎర్రగా, చూస్తే భయం వేసేలా ఉంది. రెండో బొమ్మలో లేత పసుపు నుంచి కొంచెం ముదురు పసుపు దాకా, ప్రశాంతంగా ఉంది.

"ఏ బొమ్మ నిజం?" అని అడిగింది.

సగం మంది ఎరుపన్నారు, సగం మంది పసుపన్నారు.

"రెండింటికీ అంకెలు ఒకటే. రంగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో మీరు నిర్ణయించారు. అంటే చూసేవాడు భయపడాలో వద్దో కూడా మీరే నిర్ణయించారన్నమాట. అంత అధికారం మీ చేతిలో ఉంది. అందుకని ఏ రంగంటే ఎంత వేడో చెప్పే పట్టీ పక్కన గియ్యని బొమ్మ నా దగ్గరికి తేవద్దు. అంకెల్లో లేనిది బొమ్మలో ఉండకూడదు. ఈ సబ్జెక్టులో మిగతావన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటీ మర్చిపోకండి."

మొదటి బ్యాచిలో నాగశ్రీ అని ఒక అమ్మాయి, కృష్ణంరాజు అని ఒక అబ్బాయి ఉండేవారు. నాగశ్రీ తండ్రి స్టీల్ ప్లాంటులో పనిచేసేవాడు, వాళ్ళది గోదావరి వైపు. కృష్ణంరాజుది యారాడ, వేటకి వెళ్ళే ఇల్లు. మూడో ఏడాది ఇద్దరూ కలిసి ప్రాజెక్టు చేస్తామన్నారు. యారాడ ముందున్న సముద్రం అడుగు ఎలా ఉంటుందో గీసి చూపించాలని వాళ్ళ కోరిక. యూనివర్సిటీలో సముద్రశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ తాతబాబు గారిని సూర్యకళ వెళ్ళి అడిగితే, ఒక పాత సర్వేలో కొలిచిన లోతులు ఫ్లాపీలో పెట్టి ఇచ్చారు. ఓడ ఒక దారిన వెళ్తూ ఎక్కడెక్కడ ఎంత లోతుందో కొలిచిన అంకెలవి.

పిల్లలిద్దరూ నెలల తరబడి కూర్చున్నారు. కరెంటు పోతే చేసిందంతా పోయేది. మళ్ళీ మొదలుపెట్టేవారు. చివరికి బొమ్మ వచ్చింది. నీళ్ళన్నీ తోడేస్తే సముద్రం అడుగు ఎలా కనిపిస్తుందో అలా ఉంది. నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో నేల వాలుగా లోపలికి దిగుతోంది. యారాడకి కొంచెం దూరంలో, వాలు మధ్యలో, ఎర్రగా ఒక కొండ లేచి ఉంది.

2000 సంవత్సరం డిసెంబరులో కాలేజీలో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టాం. ద్వారకానగర్‌లో రంగుల ప్రింటు తీయించి ఆ బొమ్మని గుమ్మం ఎదురుగా తగిలించారు. జనం దాని ముందు నుంచి కదలలేదు. ఒక పత్రిక విలేకరి వచ్చి ఫోటో తీసుకున్నాడు. మర్నాడు జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వచ్చింది: యారాడ వద్ద సముద్రంలో దాగిన కొండ! కనిపెట్టిన డిగ్రీ విద్యార్థులు! భీమశంకరరావు గారు ఆ పేజీ కత్తిరించి నోటీసు బోర్డులో పెట్టించారు. వచ్చే ఏడాది అడ్మిషన్ల పుస్తకం అట్ట మీదికి కూడా ఆ బొమ్మనే పంపారు. నాగశ్రీ వాళ్ళ నాన్న డ్యూటీకి సెలవు పెట్టి వచ్చి, బొమ్మ కింద కూతురి పేరు చదువుకుని వెళ్ళాడు.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం బాబీ కాలేజీకి వచ్చాడు. మేం అప్పుడే భోజనాల గిన్నెలు తెరిచాం. అతను లోపలికి రానని వరండాలోనే నిలబడ్డాడు. నేను కూడా సూర్యకళతో బయటికి వచ్చాను.

"ఏదప్పా నీ కొండ?" అన్నాడు అక్కతో, నవ్వుతూనే. "కొండ కాడ సేపలు బాగా ఉంటాయి గదా అని, పేపరు సూసి మన పేటోలం నాలుగు బోట్లు ఎల్లినాం. అక్కడ కొండా నేదు, గుట్టా నేదు. అడుగంతా బురదే. మా బావ నన్ను సూసి ఒకటే నవ్వుతన్నాడు, మీ అప్ప కొండని ఎత్తుకెలిపోనాదేటిరా అని."

ఇంట్లో మాట్లాడే మాటే సూర్యకళ నోటికి వచ్చేసింది. "సరైన సోటికే ఎల్లినారేటి?"

"ఏటప్పా అలగంతావు! లైటౌసుకి, యారాడ కొండకి గురి సూసుకునే ఎల్లినాం. కావాలంతే ఇంకోపాలి సూసొత్తాను."

"ఒద్దులే. ముందు నాను సూత్తాను."

బాబీ వెళ్ళాక గిన్నె మూత పెట్టేసి ల్యాబుకి నడిచింది. దారిలో నాతో, "తమ్ముడు చెప్పాడని లేదనుకోకూడదు, పేపర్లో పడిందని ఉందనుకోకూడదు. అంకెల్నే అడుగుదాం" అంది.

నాగశ్రీని, కృష్ణంరాజుని పిలిపించింది. రంగులు తీసెయ్యమంది. వాలు తీసెయ్యమంది. ఓడ నిజంగా కొలిచిన చోట మాత్రం ఒక్కొక్క చుక్క పెట్టమంది. తెర నల్లబడింది. ఆ నలుపు మీద తెల్లటి చుక్కలు బారులు బారులుగా పడ్డాయి. యారాడకి ఎదురుగా ఆ బారులు రెండుగా విడిపోయి, మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఒక ఖాళీ మిగిలింది. అక్కడ ఒక్క చుక్క లేదు.

నాగశ్రీ మెల్లగా అంది. "మేడమ్... కొండ సరిగ్గా ఆ ఖాళీలోనే ఉంది."

నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. సూర్యకళ మూలనున్న చీపురులోంచి ఒక కొబ్బరి ఈనె లాగింది. రెండు చేతుల వేళ్ళ మధ్య దాన్ని పట్టుకుని చివరలు కొంచెం కిందికి వంచింది. మధ్యలో ఈనె విల్లులా పైకి లేచింది.

"చూశారా? ఇక్కడా ఇక్కడా నేను పట్టుకున్నాను. మధ్యలో ఎవరూ పట్టుకోలేదు. నా వేళ్ళు వాలిన తీరుని బట్టి అది దానంతట అదే లేచింది. కంప్యూటర్ కూడా ఖాళీని ఇలాగే నింపింది. ఖాళీకి రెండు పక్కలా నేల కాస్త పైకి లేస్తోంది, దాంతో మధ్యలో ఇంకా లేచి ఉంటుందని అది ఊహించింది. ఊహకి కూడా మనం ఎర్ర రంగు వేశాం."

ఖాళీని నింపే పద్ధతి మార్చి మళ్ళీ గియ్యమంది. ఈసారి కొండ లేదు. ఇంకో పద్ధతిలో గీశారు. చిన్న పళ్ళెంలా గొయ్యి కనిపించింది.

"పద్ధతి మారిస్తే మాయమయ్యే కొండ కొండ కాదు" అంది సూర్యకళ. కృష్ణంరాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. "మీ ఒక్కరిదే కాదురా. దీని మీద సంతకం పెట్టింది నేను. ముందు ఈ చుక్కలు గియ్యమని నేను అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు దిద్దుకుందాం."

సాయంత్రం ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళేటప్పుడు తోడు రమ్మంది. భీమశంకరరావు గారు అంతా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సూర్యకళ గారూ, ఈ సంగతి ఎవరికి తెలుసు?"

"మనకి తెలుసు కదండీ."

"అట్ట అచ్చుకి వెళ్ళిపోయింది. ఊరంతా మన పేరు చెప్పుకుంటున్నారు. ఈ టైములో తప్పని మనమే చాటింపు వేసుకుంటే కాలేజీ పరువేం కావాలి? నెమ్మదిగా బొమ్మ తీసేద్దాం. జనం వాళ్ళే మర్చిపోతారు."

"జాలరిపేట వాళ్ళు మర్చిపోరు సార్, అక్కడ వలలు వేసి వచ్చారు. అది అలా ఉంచండి. రెండేళ్ళుగా ఈ పిల్లలకి నేను నూరిపోసింది ఒక్కటే, అంకెల్లో లేనిది బొమ్మలో ఉండకూడదని. ఇప్పుడు ఊరుకున్నానంటే ఆ పాఠం నా చేత్తో నేనే చెరిపేసినట్టు. రేపు ఏ ముఖం పెట్టుకుని క్లాసుకి వెళ్ళను?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆ కాలేజీని ఒక్కొక్క గదీ కట్టుకుంటూ పైకి తెచ్చిన మనిషి. భయం అంతే. చాలాసేపు కిటికీలోంచి పట్టాల వైపు చూశారు. తర్వాత ఫోను అందుకుని ప్రెస్సుకి చేసి అట్ట ఆపించారు. ఆమె లేవబోతుంటే అన్నారు.

"పత్రికాఫీసుకి ఒక్కరే వెళ్ళకండి. నేనూ వస్తాను."

సవరణ లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. సూర్యకళకి అది చాలలేదు. పేపరు చదవని వాళ్ళు కూడా వేటకి వెళ్తారు కదా అంది. పేటలో తనే చెప్తానంటే నాగశ్రీ ఒప్పుకోలేదు. "మేం గీశాం మేడమ్, మేమే చెప్తాం."

ఒక ఆదివారం సాయంత్రం బోట్లన్నీ ఇసుక మీదికి లాగి ఉన్నప్పుడు మేం జాలరిపేట వెళ్ళాం. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. ఆడవాళ్ళు తట్టలు కడుగుతున్నారు. నాగశ్రీ చుక్కల బొమ్మ పట్టుకుని నిలబడింది. రెండు ముక్కలు చెప్పేసరికి ఆగిపోతే కృష్ణంరాజు అందుకున్నాడు. అతనికి వాళ్ళ మాట వచ్చు కదా.

"ఇక్కడ ఓడ కొలవనేదు. మాకు తెలీదు. తెలీకుండానే కొండుందని గీసేసినాం. మీరు మా మాట నమ్మి ఎల్లినారు. తప్పయిపోనాది."

జోగమ్మ అని చేపలమ్మే పెద్దావిడ ఒకామె నడుం మీద చేతులు పెట్టుకుని అందరినీ ఎగాదిగా చూసింది.

"కొండ నేదని సెప్పడానికి ఇంతమంది కట్టగట్టుకుని వచ్చినారేటి?"

ఒడ్డంతా నవ్వు. పిల్లలు కూడా నవ్వేశారు, ఏడవబోతున్న వాళ్ళు. పోతమ్మ తట్ట పక్కన పెట్టి కూతురి దగ్గరికొచ్చింది.

"మరిప్పుడు ఆ సోట ఏటున్నట్టే?"

"తెలీదమ్మా. కొలిత్తే గాని తెలీదు."

"అయితే కొలండి. బాబీగాడి బోటుంది గదా."

అంత తేలిగ్గా తేల్చేసింది ఆవిడ. ఆ మాటే మిగతా కథంతా నడిపించింది. తాతబాబు గారిని అడిగితే, ఎక్కడున్నామో చూపించే జీపీఎస్ పరికరం ఒకటి వాడుకోమని ఇచ్చారు. లోతు కొలవడానికి పొడుగాటి తాడుకి సీసపు గుండు కట్టి, కొలత గుర్తుకు ముడులు వేశారు. సంక్రాంతి తర్వాత సముద్రం నెమ్మదించాక, సెలవు దొరికిన రోజుల్లో తెల్లవారుతూనే బయల్దేరేవారు. బాబీ బోటు నడిపేవాడు. కృష్ణంరాజు తాడు దించి లోతు అరిచేవాడు. సూర్యకళ పరికరం చూసి చోటు చెప్పేది. నాగశ్రీ రెండూ రాసుకునేది. ఆ పిల్లకి సముద్రం పడలేదు. మొదటి రోజు పోర్టు దాటకముందే వాంతులు. బాబీ వెనక్కి తిప్పుతానంటే వద్దని చెయ్యి ఊపి, నోరు తుడుచుకోమని సూర్యకళ తన చీర కొంగు ఇస్తే తుడుచుకుని, పెన్సిలు మళ్ళీ పట్టుకుంది. ఇదంతా బాబీయే నాకు తర్వాత చెప్పాడు. "ఆ గుంటకి గుండె గట్టిదండి" అని. ఆడపిల్లని వాళ్ళు గుంట అంటారు.

మార్చి నాటికి బొమ్మ తయారైంది. దాన్ని చూసి నేను మొదట నిరాశపడ్డానన్న మాట నిజం. కొండ లేదు. నేల నెమ్మదిగా, ఏ విశేషమూ లేకుండా, లోపలికి వాలుతోంది. ఇంద్రధనుస్సు రంగులు కూడా తీసేశారు. లేత నీలం నుంచి ముదురు నీలం దాకా ఒక్కటే రంగు. కొలిచిన ప్రతిచోటా చిన్న చుక్క. అంచున ఒక మూల మాత్రం తెల్లగా, ఏ రంగూ లేకుండా వదిలేశారు.

దాన్ని పాత కొండ బొమ్మ పక్కనే తగిలించమంది సూర్యకళ. రెండింటి కిందా నాగశ్రీ, కృష్ణంరాజుల పేర్లే.

పరికరం తిరిగి తీసుకోవడానికి తాతబాబు గారే స్వయంగా వచ్చారు. పెద్దాయన, ఎక్కువ మాట్లాడరు. రెండు బొమ్మల ముందూ నిలబడి చాలాసేపు చూశారు. తెల్లటి మూల మీద వేలు పెట్టారు.

"ఇది ఎందుకు వదిలేశారమ్మా? నింపడం ఎంతసేపు?"

ఆయన పరీక్షిస్తున్నారో నిజంగా అడుగుతున్నారో నాకు తెలీలేదు. నాగశ్రీ తడుముకోలేదు.

"అక్కడ రాళ్ళున్నాయి సార్, బోటు పోలేదు. మాకు తెలీని చోట మేం రంగు వెయ్యం."

ఆయన తలాడించారు. సూర్యకళ వైపు తిరిగారు. "ఈ పాత బొమ్మ ఎవరైనా దాచేస్తారు. మీరు పక్కనే పెట్టారు. మా ఎమ్మెస్సీ పిల్లలకి రంగుల బొమ్మలు గియ్యడం చాలా బాగా వచ్చమ్మా. ఈ రెండు బొమ్మల మధ్య ఉన్నది మాత్రం వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. వచ్చే ఏడాది మీరొచ్చి ఆ పాఠాలు చెప్తారా?"

సూర్యకళ పిల్లలిద్దరి వైపు చూసింది. ఆమె నోరు తెరిచేలోగా, పక్కనే ఉన్న భీమశంకరరావు గారే, "చెప్తారండీ, మా మేడమ్ చెప్తారు" అనేశారు, ఆ రోజంతా ఆయనదే గెలుపన్నట్టు. ఆ వేసవిలో అడ్మిషన్ల పుస్తకం అట్ట మీద వచ్చింది తెల్లటి మూల ఉన్న నీలం బొమ్మే. ఆయనే దగ్గరుండి వేయించారు. ఆ ఏడు కోర్సులో చేరడానికి వచ్చిన పిల్లల తల్లిదండ్రులకి ఆ తెల్ల మూల కథ ఆయనే వివరించి చెప్పేవారు, కొంచెం పెంచి కూడా.

నాగశ్రీ పైచదువు చదివి, తుఫాను గాలుల్ని కంప్యూటర్లో లెక్కగట్టే పనిలో చేరింది. కృష్ణంరాజు మా కాలేజీకే తిరిగి వచ్చి 2005 నుంచి ల్యాబు చూసుకుంటున్నాడు. బొమ్మల పేపరు ఇప్పుడు సూర్యకళతో పాటు అతనూ చెప్తాడు. ఫిజిక్సు ఆయన తన కూతుర్ని అదే కోర్సులో చేర్చారు. ఇవన్నీ తర్వాతి సంగతులు. నేను ఎప్పుడు తలుచుకున్నా నాకు గుర్తొచ్చేది మాత్రం సూర్యకళ యూనివర్సిటీలో మొదటి పాఠం చెప్పిన రోజే.

2001 ఆగస్టు. పోతమ్మ తానూ వస్తానంది. ఆ పొద్దున చేపలకి వెళ్ళలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని, జాలరిపేట మలుపులో నా కోసం ఎదురుచూసింది. ఇద్దరం సిటీ బస్సులో వెళ్ళాం. హాలు మెట్లు మెట్లుగా ఉంది. మేం పై వరసలో, గోడ పక్కన కూర్చున్నాం. కింద ఎమ్మెస్సీ పిల్లలు, వాళ్ళ వెనక ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు, ఒక చివర తాతబాబు గారు. సూర్యకళ వేదిక ఎక్కింది. మైకు ఇవ్వబోతే అక్కర్లేదంది. నిజంగానే అక్కర్లేదు. మొదటి మాటకే హాలంతా సర్దుకుని కూర్చుంది.

తెర మీద రెండు బొమ్మలు పడ్డాయి. "ఇందులో ఒకటి మేం చేసిన తప్పు. ఏది తప్పో చెప్పండి. ఎలా తెలిసిందో కూడా చెప్పండి" అని మొదలుపెట్టింది. ఒకరు లేచారు, ఇంకొకరు లేచారు, వాదన మొదలైంది. ఆమె జవాబు చెప్పకుండా ఇంకో ప్రశ్న వేస్తోంది.

పోతమ్మ ముందుకి వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని రెప్ప వెయ్యకుండా చూస్తోంది. నేను చెవిలో చెప్పడానికి ప్రయత్నించాను. "లోతు కొలిచిన చోట చుక్కలు పెడతారు పోతమ్మా, ఆ తర్వాత..."

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దమ్మా, ఇప్పుడు సెప్పకు. ఆలందరూ మా పిల్ల యేపే సూత్తన్నారు. నన్ను ఆలనే సూడనీ."

గంట మోగినా పిల్లలు లేవలేదు. వేదిక చుట్టూ మూగి ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. సూర్యకళ మా వైపు చూసి, ఇంకాస్త ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. బస్సు వెళ్ళిపోతుందేమో అన్నాను నేను.

"పోనీయమ్మా" అంది పోతమ్మ, కూర్చున్నచోటు నుంచి కదలకుండా. "ఇంకో బస్సొత్తాది."